తుఫానులో గేదె చనిపోతే ప్రభుత్వం ఎంత ఇస్తుంది?

విశాఖ దగ్గర భీమిలి, ఆనందపురం వైపు రెండు మూడు గేదెలతో పాలు పోసుకునే ఇళ్లు చాలా. హుద్‌హుద్ (2014 అక్టోబర్ 12) చూసినవాళ్లకి ఈ ప్రశ్న కొత్తేం కాదు.

డబ్బు రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి వస్తుంది. అందులో మన ఆంధ్రప్రదేశ్‌కి కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రానిది 25. 2022–26కి కేంద్రం పెట్టిన లెక్క ప్రకారం పాడి ఆవు, గేదెకి 37,500 రూపాయలు, ఎద్దుకి 32,000, దూడకి 20,000, గొర్రె, మేకకి 4,000. కోడికి 100, అదీ ఇంటికి మొత్తం 10,000 దాటకుండా. రాష్ట్రం తన ఖజానా నుంచి ఇంకొంత కలపొచ్చు, అది ఆ సమయంలో వచ్చే జీవోని బట్టి.

అసలు మెలిక పరిమితిలో ఉంది. పాడి పశువులు ఎన్ని పోయినా ఇంటికి మూడింటికే ఇస్తారు. గొర్రెలు, మేకలైతే 30. కొట్టం కూలి ఎనిమిది గేదెలు పోయిన రైతుకీ 1,12,500తోనే సరి. ఈ రోజుల్లో ఆ డబ్బుతో మూడు మంచి ముర్రా గేదెలు దొరకడమే కష్టం. కాబట్టి దీన్ని నష్టపరిహారం అనుకోకండి, తక్షణ సాయం అంతే. పెద్ద మందకి పశు బీమా ఉండాల్సిందే.

ఎన్ని పోయాయో అధికారి ధ్రువీకరించాలి. వాసన వస్తోందని తొందరపడి పాతిపెట్టేస్తే తర్వాత టెన్షన్ మీకే. ముందు రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి ఫోన్ చేయండి, చెవి ట్యాగ్ నంబరు కనిపించేలా ఫొటో తీసుకోండి. బర్డ్ ఫ్లూతో పోయిన కోళ్లు ఈ పద్దులోకి రావు, వాటికి వేరే పథకం ఉంది.