ఫిరంగి నాణేల మీద రాస్తున్న అమ్మాయికి

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంగ్లండ్ గద్దె పోగొట్టుకొని, దాన్ని తిరిగి గెలవడానికి ఐర్లండ్‌లో యుద్ధానికి దిగిన రెండవ జేమ్స్ రాజు అక్కడ పాత ఫిరంగులను, గంటలను, వంటింటి ఇత్తడి సామాన్లను కరిగించి వేయించిన నాణేల మీద నీవు రాసిన వ్యాసాన్ని రెండు మార్లు చదివాను. విషయం మీద నీకున్న ప్రేమ ప్రతి పుటలోనూ తెలుస్తోంది కనుకనే నిక్కచ్చిగా రాస్తున్నాను.

ముందు ఒక తప్పు చెబుతాను. 1689 జనవరి నాణెం అన్నిటికన్నా పాతదని రాశావు. జేమ్స్ ఐర్లండ్‌లోని కిన్‌సేల్ రేవులో దిగిందే ఆ ఏడాది మార్చిలో, తొలి నాణేల మీద ఉన్నది జూన్ నెల. అప్పటి ఇంగ్లీషు లెక్కలో మార్చి 25న ఏడాది మారేది కాబట్టి, 1689 జనవరి నాణెం 1689 డిసెంబరు నాణేనికి తరవాతిదే. ఒకే మార్చిలో వేసిన వాటిలో కొన్నిటి మీద 1689, కొన్నిటి మీద 1690 కనిపించడానికీ కారణం అదే. పుష్య మాఘాలు ఏడాది చివర వస్తాయని ఎరిగిన ఇంట్లో పుట్టి, పణా సంక్రాంతికి పంచాంగం మార్చే ఒడియావాళ్ళ నడుమ పెరిగిన నీకు ఇది కొత్త కాకూడదు.

ఆ నెల పేరే నీ వ్యాసానికి ప్రాణం. యుద్ధం గెలిచాక ఈ ఇత్తడి తీసుకొని వెండి ఇస్తామన్నది రాజు మాట. ఏ నెల నాణేన్ని ఎప్పుడు మార్చాలో తెలియడానికే నెల వేశారని చెబుతారు. అంటే జనం చేతిలో ఉన్నది నాణెం రూపంలో ఉన్న అప్పు పత్రం. 1690 నాటికి లోహం చాలక నాణేలను చిన్నవి చేశారు, 30 పెన్నీల పెద్ద అరక్రౌన్ల మీదే మళ్ళీ ముద్ర కొట్టి 60 పెన్నీల క్రౌన్లన్నారు. నీవు ఒక్క వాక్యంలో దాటేసిన ఈ చోట నేనైతే ఒక పుట నిలబడతాను. ఆ ఏడాదే ఐర్లండ్‌లోని బాయిన్ నది దగ్గర జరిగిన యుద్ధంలో జేమ్స్ ఓడాక ఆ పెద్ద నాణేనికి దక్కిన విలువ ఒక్క పెన్నీ.

నేనూ ఇలాంటి పొరపాటు చేశాను. చిన్నప్పుడు మా నాయనమ్మ నా మొలతాడుకు కట్టిన చిల్లు కాణీని తలచుకొని, దారానికి గుచ్చుకోవడానికే ప్రభుత్వం చిల్లు పెట్టిందని నా తొలి వ్యాసంలో రాశాను. తరవాత కంసాలి కాటాలో తూయిస్తే, చిల్లు చుట్టూ ఆకుల దండ ఉన్న ఆ 1943 నాటి బిళ్ళ రెండు గ్రాములు తూగింది. అంతకు ముందరి కాణీ దాదాపు ఐదు గ్రాములు. రూపాయికి 64 కాణీల లెక్క మాత్రం మారలేదు. యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి పెట్టిన చిల్లు అది.

బజారులో పాత సామాను కొనే కొట్టు దగ్గర ఒక పూట కూర్చో. పెళ్ళినాడు పేరు చెక్కించి ఇచ్చిన బిందెను కాటాలో వేసేటప్పుడు, అమ్ముతున్న ఆమె వేలు ఆ అక్షరాల మీద ఎలా ఆగుతుందో చూడు. డబ్లిన్‌లో మూసలోకి పోయిన గిన్నెల దగ్గర మొదలుపెట్టి, జనవరిని డిసెంబరు తరవాతకు జరిపి, వ్యాసం మళ్ళీ పంపు. ఉగాదిలోపు చదువుతాను.