యాక్సిల్స్ మార్చుకోండి, కానీ షాపువాళ్లు చెప్పిన వరసలో కాదు

ప్రశ్న: డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను, హెచ్1బి మీద ఉన్నాను, పెళ్లి కాలేదు. జీతం ఏడాదికి 1,18,000 డాలర్లు. నా 2019 మస్టాంగ్ జీటీ ఆటోమేటిక్‌కి పోయినేడు పర్సనల్ లోన్ మీద, ఇంజిన్ బలం పెంచే సూపర్‌ఛార్జర్ పెట్టించాను. డ్రాగ్ స్ట్రిప్‌లో (తిన్నటి రేసు ట్రాక్) లాంచ్ చేస్తుంటే, అంటే ఆగిన చోటి నుంచి ఒక్కసారిగా దూకిస్తుంటే, వెనక చక్రాలు దడదడా ఎగిరిపడుతున్నాయి. ఫ్రెండ్ కారుకి ఇలాగే హాఫ్ షాఫ్ట్ (వెనక చక్రాన్ని తిప్పే యాక్సిల్) విరిగింది. షాపులో రెండు హాఫ్ షాఫ్ట్‌లకి 1,450, కార్బన్ ఫైబర్ డ్రైవ్ షాఫ్ట్‌కి (గేర్‌బాక్స్ నుంచి వెనక్కి బలం తీసుకెళ్లే కడ్డీ) 1,350, లేబర్ 700, మొత్తం 3,500 డాలర్లు అన్నారు. 12 నెలలు వడ్డీ లేకుండా షాపు కార్డు ఇస్తారట. అది తీసుకోనా, 401కె (రిటైర్మెంట్ ఖాతా) మీద లోన్ తీసుకోనా? నెల ఖర్చు ఈఎంఐలు, ఇంటికి పంపేది కలిపి 5,640, మిగిలేది 1,460, బ్యాంకులో 9,000 ఉన్నాయి. 401కెలో 3 శాతం వేస్తున్నాను, కంపెనీ 6 శాతం దాకా అంతే వేస్తుంది.

జవాబు: కార్డూ వద్దు, 401కె లోనూ వద్దు. కారు మీద ఖర్చే పెట్టొద్దని మాత్రం అనను, అలా అన్నా మీరు వినరు.

ముందు కారు సంగతే చూద్దాం, ఎందుకంటే డబ్బు ఎక్కడ కారిపోతుందో అక్కడే తెలుస్తుంది. మీ ఇంజిన్ సూపర్‌ఛార్జర్ లేకుండానే 420 పౌండ్-ఫీట్ టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. పది గేర్ల ఆటోమేటిక్‌లో మొదటి గేరు నిష్పత్తి దాదాపు 4.7, రెండు వెనక చక్రాలకీ బలం పంచే డిఫరెన్షియల్‌ది 3.55 అనుకుంటే, మూడూ గుణిస్తే 7,000 చిల్లర వస్తుంది, అంటే ఒక్కో హాఫ్ షాఫ్ట్ మీద దాదాపు 3,500, ఇక సూపర్‌ఛార్జర్ బలం దీని పైన. అయినా షాఫ్ట్‌లని విరగ్గొట్టేది చాలాసార్లు ఈ లెక్క కాదు, మీరు చెప్పిన ఆ ఎగిరిపడటమే. టైరు పట్టు దొరికి, జారి, మళ్లీ పట్టుకున్న ప్రతిసారీ షాఫ్ట్‌కి సుత్తి దెబ్బ తగులుతుంది. 2015 తర్వాతి మస్టాంగ్‌లలో వెనక సస్పెన్షన్‌ని మోసే క్రేడిల్ రబ్బరు బుష్‌ల మీద ఊగుతుంటుంది. ఆ ఊపు ఆపకుండా లావు షాఫ్ట్‌లు వేస్తే దెబ్బ ఎక్కడికీ పోదు, పక్కనున్న డిఫరెన్షియల్‌కో గేర్‌బాక్స్‌కో తగులుతుంది. ఫోర్డ్ పవర్‌ట్రెయిన్ వారంటీ 5 ఏళ్లు లేదా 60,000 మైళ్లు, మీకది ఎప్పుడో అయిపోయింది. గేర్‌బాక్స్ పోతే ఆ బిల్లు పూర్తిగా మీదే, అప్పుడు ఈ 3,500 చిన్నదిగా కనిపిస్తుంది.

కాబట్టి ముందు క్రేడిల్ బుష్‌లు గట్టివి వేయించండి, లేదా ఆ ఊపు ఆపే కిట్ పెట్టించండి, షాఫ్ట్‌ల కన్నా ఇది చవక. దాంతోపాటే డ్రైవ్ షాఫ్ట్ లూప్. కొటేషన్‌లో ఇది లేకపోవడం నాకు నచ్చలేదు. హాఫ్ షాఫ్ట్ విరిగితే చాలావరకు కారు ఆగిపోతుంది, టో ట్రక్కు పిలుస్తారు, అంతే. డ్రైవ్ షాఫ్ట్ ముందు కొస ఊడి రోడ్డుకి గుచ్చుకుంటే ప్రాణాల మీదికొస్తుంది, దాన్ని పట్టి ఉంచేది ఆ ఇనప లూపే. స్లిక్స్ (గాళ్లు లేని రేసు టైర్లు) వేసుకుని క్వార్టర్ మైలు 13.99 సెకన్లలో, మామూలు రోడ్డు టైర్లతో 11.49లో, లేదా అంతకన్నా త్వరగా వెళ్లే కార్లకి డ్రాగ్ రేసుల నియమాలు పెట్టే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ దీన్ని తప్పనిసరి చేసింది. తర్వాత హాఫ్ షాఫ్ట్‌లు. కార్బన్ డ్రైవ్ షాఫ్ట్ సంగతి ఇప్పటికి మర్చిపోండి. మీకు వచ్చిపడిన సమస్యకీ దానికీ సంబంధం లేదు, బరువు తగ్గుతుంది, చూడ్డానికి బాగుంటుంది.

ఇప్పుడు డబ్బు. 401కెలో మీరు వదిలేస్తున్న 3 శాతం మ్యాచ్ (మీరు వేసినదానికి సమానంగా కంపెనీ వేసేది) ఏడాదికి 3,540 డాలర్లు, షాపు కొటేషన్ కన్నా 40 ఎక్కువ. కంపెనీ ఊరికే ఇస్తానన్నది కాదని, అంతే డబ్బుకి కార్డు గీద్దామంటున్నారు! ఈ నెలే 6 శాతానికి మార్చండి. మీ 22 శాతం పన్ను శ్లాబులో, టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి, చేతికొచ్చేది నెలకు దాదాపు 230 తగ్గుతుంది. ఇంకా 1,230 మిగులుతుంది.

అసలు టెన్షన్ పడాల్సింది ఆ 9,000 గురించి. ఉద్యోగం పోతే హెచ్1బి మీద ఉన్నవాళ్లకి మామూలుగా దొరికేది 60 రోజులు, మీ దగ్గరున్నది రెండు నెలల ఖర్చుకి కూడా చాలదు. కొత్త ఉద్యోగం వెతుక్కుంటూ, లాయరు ఫీజో ఇండియా టికెట్టో పెట్టుకుంటూ, కారు ఈఎంఐ కూడా కట్టాలి. కనీసం మూడు నెలల ఖర్చు, అంటే 17,000 దాకా తీసుకురండి. నెలకు 900 పక్కన పెడితే తొమ్మిది నెలలు పడుతుంది. మిగిలిన 330 కారుకి. మూడు నెలలకి 990, దాంతో బుష్‌లు, లూప్. ఇంకో ఆరేడు నెలలకి హాఫ్ షాఫ్ట్‌లు, లేబర్‌తో సహా నగదుగా. అంతదాకా డ్రాగ్ టైర్లు పక్కన పెట్టి, లాంచ్ కాస్త మెల్లగా చేయండి. ఎన్నిస్‌లోని మోటార్‌ప్లెక్స్ డ్రాగ్ స్ట్రిప్ 1986 నుంచీ అక్కడే ఉంది, ఎక్కడికీ పోదు.

401కె లోన్ వడ్డీ మన ఖాతాకే వస్తుంది కదా అని చాలామంది అంటారు. నిజమే. కానీ ఉద్యోగం పోయిన ఏడాది ట్యాక్స్ ఫైలింగ్ గడువులోపు బాకీ కట్టలేకపోతే అది డబ్బు తీసేసుకున్నట్టే లెక్క, పన్ను పడుతుంది, మీ వయసుకి పైన 10 శాతం పెనాల్టీ కూడా. షాపు కార్డు కాగితాల్లో 'డిఫర్డ్ ఇంట్రెస్ట్' అని ఉందేమో చూడండి. ఉంటే 12వ నెల చివర ఒక్క డాలరు మిగిలినా మొదటి రోజు నుంచీ వడ్డీ మొత్తం వేస్తారు.

ఇన్సూరెన్స్ వాళ్లకి సూపర్‌ఛార్జర్ సంగతి చెప్పారా? తర్వాత పెట్టించిన పార్టులకి విడిగా కవరేజీ అడిగి తీసుకోవాలి, ట్రాక్ మీద జరిగింది మామూలు పాలసీల్లో రాదు.

మరొకటి, తీసిన పాత హాఫ్ షాఫ్ట్‌లు షాపులో వదిలేసి రాకండి, తుడిచి గ్యారేజీలో పెట్టుకోండి. కారు అమ్మేటప్పుడు కొనేవాళ్లు లావు షాఫ్ట్‌లకి ఎక్కువ ఇవ్వరు, పైగా కారుని బాగా బాదేశాడేమో అని అనుమానపడతారు. పాతవి బిగించి కారు అమ్మేసి, కొత్తవి విడిగా అమ్ముకోండి.