ముందు కాళ్ల సంగతి చూసుకో నాయనా

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నాలుగేళ్ల విరామం తరువాత, 36 ఏళ్ల వయసులో, నువ్వు మళ్లీ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఆడాలనుకుంటున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పినప్పటి నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. నువ్వు ఇంకా బంతిని వదలలేదన్న గర్వం ఒక పక్క, నీ ఎడమ మోకాలు గుర్తొచ్చి గుబులు ఒక పక్క. వద్దనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అన్నా నువ్వు వినవు.

బరువు తగ్గించుకో, వేళకు నిద్రపో, డాక్టరు సరేననే దాకా ఏ ఒప్పందం మీదా సంతకం చేయకు. ఇవి నీకు తెలిసినవే.

నేను చేసిన తప్పు మాత్రం వివరంగా చెప్పాలి. ఇన్నాళ్లూ మోకాలి దెబ్బ అంటూ దాటవేశానే తప్ప అసలు సంగతి నీకు చెప్పలేదు. రెండేళ్లు ఆటకు దూరమై 34వ ఏట తిరిగి రావాలనుకున్నప్పుడు, మూడు నెలలు ఒంటరిగా సాధన చేశాను. ఖాళీ కోర్టులో రోజుకు 500 షాట్లు వేసేవాణ్ణి. చాలావరకు రింగును తాకకుండానే నెట్‌లో పడేవి, ఆ చప్పుడు వింటూ నా ఆట నాకు తిరిగి వచ్చేసిందని నమ్మాను. చేతికి ఆట గుర్తొచ్చినంత త్వరగా కాళ్లకు గుర్తురాదని అప్పుడు నాకు తెలియలేదు. మొదటి మ్యాచ్ రెండో క్వార్టరులో ఒక కుర్రవాడు బంతితో కుడివైపు దూసుకుపోతూ చటుక్కున ఆగాడు, నేను ఆగలేకపోయాను. పరుగు ఉంది గానీ, దాన్ని ఒక్క అడుగులో ఆపే బలం తొడల్లో లేదు. ఆ రోషంతోనే తరువాతి రీబౌండుకు, అంటే రింగుకు తగిలి వెనక్కొచ్చే బంతికి ఎగిరి, మోకాలు లోపలికి ఒరిగేలా ఒంటికాలి మీద దిగాను. ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు, నాకొక్కడికే వినిపించింది. కోచ్ అడిగితే బాగానే ఉందన్నాను. నా చోటు ఆ కుర్రవాడి ఈడువాళ్లకు ఇచ్చేస్తారన్న భయంతో పట్టీ బిగించుకుని మరో పది నిమిషాలు ఆడాను. ఆ పది నిమిషాల ఫలితంగా, ఇవాళ్టికీ మెట్లు దిగేటప్పుడు నా చేయి గోడను వెతుక్కుంటుంది.

కాబట్టి ఒంటరి సాధనను నమ్మకు. నీకంటే పదేళ్లు చిన్నవాళ్లతో పూర్తి కోర్టు ఆట ఆడు. వెనక్కి పరుగెత్తడం, డిఫెన్స్‌లో పక్కకు జరగడం, హఠాత్తుగా ఆగడం, రెండు కాళ్ల మీద మెత్తగా దిగడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకో. మైకేల్ జోర్డన్ అంతటివాడు 1995 మార్చి 19న ఆటకు తిరిగి వచ్చిన రోజున 28 షాట్లు వేస్తే 7 మాత్రమే పడ్డాయి. తొమ్మిది రోజులకే న్యూయార్క్‌లో 55 పాయింట్లు చేశాడు, నిజమే. అయినా మే నెలలో ఓర్లాండో జట్టుతో మ్యాచ్ చివరి క్షణాల్లో ఆ జట్టు ఆటగాడు నిక్ ఆండర్సన్ వెనుక నుంచి వచ్చి అతని చేతిలోని బంతిని తప్పించేశాడు. వేసవంతా చెమటోడ్చాకే అతని జట్టుకు 72 విజయాల సీజను వచ్చింది. అప్పుడతనికి 32 ఏళ్లు నాయనా, నీకు 36.

బెంచ్ మీద కూర్చోమంటే చిన్నబుచ్చుకోకు. మేటి ఆటగాళ్లకే చోటు దొరికే ఆల్‌స్టార్ మ్యాచ్‌కు పదిసార్లు ఎంపికైన కార్మెలో ఆంథొనీ, ఏడాదిపాటు మ్యాచ్ లేకుండా గడిపి, 2019 నవంబరులో పోర్ట్‌లాండ్ జట్టులోకి వచ్చాడు. మరుసటి సీజనులో మొదటి అయిదుగురిలో కాకుండా, బెంచ్ మీద కూర్చుని తరువాత ఆటలోకి దిగడానికి ఒప్పుకున్నాడు. నీ రోషం నాకు తెలుసు, అది మన ఇంటి రోషమే, అందుకే ఇంతగా చెబుతున్నాను. నొప్పి పుడితే ఆ నిమిషంలోనే చెప్పు. ఎవరికీ చెప్పలేకపోతే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

సాధన మ్యాచ్ ఆడే రోజున కెమెరాను నేలకు దగ్గరగా పెట్టించి, నీ కాళ్లు కనిపించేలా చివరి క్వార్టరు తీయించి పంపు. షాట్లు పడ్డాయో లేదో తరువాత అడుగుతాను.

నీ పెదనాన్న