డాక్టర్ సలహా: సూది పడ్డాక పళ్లెం ఆలస్యం కాకూడదు

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. మాది సోంపేట దగ్గర పల్లె. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. 30/70 ఇన్సులిన్ ఉదయం 22, రాత్రి 14 యూనిట్లు చేసుకుంటాను. మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా వేసుకుంటాను. మొన్న పరీక్షలో క్రియాటినిన్ 1.6 వచ్చింది. సెలవులకి వచ్చిన మనవలు విశాఖపట్నం దగ్గర వాటర్ పార్కుకి నన్నూ రమ్మని ఒకటే గోల. రథసప్తమికి అరసవల్లి వెళ్లినప్పుడు లైన్లో చెమటలు పట్టి, కళ్లు తిరిగి కూలబడిపోయాను. అప్పట్నుంచి రోజంతా బయట ఉండాలంటే భయం. అబ్బాయేమో ‘ఆ ఒక్కరోజుకి ఇంజక్షన్ మానేయమ్మా’ అంటున్నాడు. మానేయొచ్చా? జెయింట్ వీల్ లాంటివి ఎక్కొచ్చా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: వెళ్లండమ్మా. మనవలు రమ్మని పిలిచే వయసు ఎంతోకాలం ఉండదు. ఇంజక్షన్ మాత్రం మానొద్దు. మానేస్తే ఆ ఎండలో షుగర్ 300 దాటిపోవచ్చు, అప్పుడు ఊరికే మూత్రానికి వెళ్లాల్సి వస్తుంది, ఒంట్లో నీరు తగ్గిపోతుంది. ఆ దెబ్బ నేరుగా కిడ్నీల మీద పడుతుంది.

అరసవల్లిలో ఏం జరిగిందో మీరు పూర్తిగా రాయలేదు గానీ ఊహించగలను. తెల్లవారకముందే లేచి, తలస్నానం చేసి, అలవాటుగా సూది వేసుకుని, దర్శనం అయ్యేదాకా ఏమీ ముట్టకుండా నిలబడి ఉంటారు. ఏ పెద్ద ఉత్సవం మర్నాడైనా మా ఓపీలో ఇలాంటివాళ్లు ఒకరిద్దరైనా కనిపిస్తారు. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం కోసం మూడు లాంతర్ల కూడలి దగ్గర పొద్దుటి నుంచి కాచుకుని కూర్చునేవాళ్లదీ ఇదే కథ. జనం వల్లో ఎండ వల్లో పడిపోయామనుకుంటారు. అసలు సంగతి సూది పడింది, తిండి పడలేదు.

30/70 సీసాలో రెండు రకాల ఇన్సులిన్ కలిసి ఉంటుంది. అందులో 30 పాళ్లు అరగంటలో పని మొదలుపెట్టి టిఫిన్ సంగతి చూస్తుంది. మిగతా 70 పాళ్లు మెల్లగా అందుకుని మధ్యాహ్నానికి జోరు మీద ఉంటుంది. అప్పటికి మీరు అన్నం తినకపోతే ఉన్న షుగర్‌నే కిందికి లాగేస్తుంది. పైగా కిడ్నీ మందగించిన వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువసేపు నిలుస్తుంది. క్రియాటినిన్ 1.6 అంటే మీ కిడ్నీల పని కాస్త మందగించినట్టే. అందుకే ఆ అంకె మీ ప్రయాణానికి కూడా సంబంధించినదే.

సోంపేట నుంచి విశాఖ అంటే మూడు గంటలు దాటుతుంది కాబట్టి ఐదింటికే బయల్దేరతారు. ఇంట్లో సూది వేసుకోకండి. శ్రీకాకుళం దాటాక టిఫిన్‌కి ఆగినప్పుడు, హోటల్లో ఇడ్లీలు ఉన్నాయని కళ్లతో చూశాక వేసుకోండి. అరగంటలోపు తినడం మొదలుపెట్టండి. పొట్ట మీదే వేసుకోండి. తొడకి వేసుకుని గంటలకొద్దీ నడిస్తే మందు త్వరగా ఒంట్లోకి ఎక్కేస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా అన్నం తినాలి, పిల్లలు ‘ఇంకొక్క రౌండ్’ అన్నా సరే. బాగా నడిచే రోజుల్లో మేం ఉదయం డోసు 10 నుంచి 20 శాతం దాకా తగ్గిస్తుంటాం. మీకు ఎంత తగ్గించాలన్నది మిమ్మల్ని చూసే డాక్టర్ని ముందే ఒకసారి ఫోన్లో అయినా అడగండి, సొంతంగా తగ్గించుకోకండి.

పార్కులో బ్యాగు లాకర్లో పెట్టిస్తారు. షుగర్ పడిపోతే వెంటనే తీసుకోవాల్సిన పంచదార లాకర్లో ఉంటే సోంపేటలో ఉన్నట్టే. ఫోన్ తడవకుండా మెడలో వేసుకునే ప్లాస్టిక్ పౌచ్ ఒకటి కొని, అందులో గ్లూకోజ్ పొడి పొట్లం కట్టి ఉంచుకోండి. చాలాచోట్ల బయటి తిండి లోపలికి రానివ్వరు, గేటు దగ్గర మందుల చీటీ చూపించి షుగర్ పేషెంటునని చెప్పండి.

పార్కులో ఇంకో చిక్కు ఉంది. గుండె దడ, చెమటలు, కాళ్లలో వణుకు షుగర్ పడిపోయినా వస్తాయి, రోలర్ కోస్టర్ దిగినా వస్తాయి. ఏది ఏదో తెలియదు. వెంటనే షుగర్ చూసే మిషన్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువైతే మూడు టీస్పూన్ల గ్లూకోజ్ గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగండి. మిషన్ చేతిలో లేకపోతే ముందు తాగేయండి, లెక్క తర్వాత. చాక్లెట్, జీడిపప్పు అప్పటికి పనికిరావు. మన పలాస జీడిపప్పే అయినా అందులోని కొవ్వు వల్ల షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలని మీ అబ్బాయికి చెప్పి ఉంచండి. పరీక్ష చేసే ముందు వేలు కడిగి తుడుచుకోండి. మనవడి పీచుమిఠాయి పట్టుకున్న వేలితో చూస్తే 90 ఉన్నది 250 చూపించినా ఆశ్చర్యం లేదు.

ఇన్సులిన్ సీసాని కారులో వదిలేయొద్దు, ఐసు ముక్కల మధ్య పెట్టొద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తడి నూలుగుడ్డ చుట్టి నీడలో ఉంచితే చాలు. ఒకవేళ మర్చిపోయి అక్కడ కొనాల్సివస్తే సీసా మీద 40 ఉందో 100 ఉందో చదవండి, ఒక మిల్లీలీటరులో ఎన్ని యూనిట్లో చెప్పే అంకె అది. 40కి ఎర్రమూత సిరంజి, 100కి నారింజరంగు మూత సిరంజి. 100 సీసా మందుని ఎర్రమూత సిరంజితో తీస్తే డోసు రెట్టింపుకి మించిపోతుంది, 40 సీసా మందుని నారింజరంగు సిరంజితో తీస్తే సగం కూడా అందదు.

ఇక కాళ్లు. పోయిన వేసవిలో ఒకాయన అరికాలి నిండా బొబ్బలతో వచ్చారు. పార్కులో మిట్టమధ్యాహ్నం సిమెంటు గచ్చు మీద చెప్పుల్లేకుండా తిరిగారట. నొప్పే తెలియలేదు. రాత్రి పక్క దుప్పటికి తడి అంటితే ఇంట్లోవాళ్లు చూశారు. ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. పన్నెండేళ్ల షుగర్లో పాదాల స్పర్శ తగ్గి ఉండడం మామూలే. వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు నీళ్ల అంచుదాకా విడవకండి. ఇంటికొచ్చాక వేళ్ల సందులు పొడిగా తుడిచి, అరికాళ్లు కోడలికి చూపించండి. మొహమాటం వద్దు.

జెయింట్ వీల్ మెల్లగా తిరిగేదైతే ఎక్కండి. గట్టిగా కుదిపేవి, తలకిందులు చేసేవి మాత్రం కంటి డాక్టర్ రెటీనా, అంటే షుగర్ వల్ల దెబ్బతినే కంటి వెనక పొర, చూసి సరేనన్నాకే. ఏడాదిగా కళ్లు చూపించుకోకపోతే ఈ వంకతోనైనా చూపించుకోండి. బీపీ, గుండె జబ్బు ఉంటే అసలే వద్దు.

దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతూ ఉండండి, కిడ్నీ డాక్టర్ కొలత చెప్పి ఉంటే ఆ కొలత ప్రకారమే. కూల్‌డ్రింకులు, చెరుకు రసం వద్దు. మనవలు తినే ఐస్‌క్రీంలో రెండు చెంచాలు తిన్నారని నేనేమీ అనను.

ఇంటికి చేరాక పని అయిపోలేదు. రోజంతా నడిచిన కండరాలు రాత్రి కూడా రక్తంలోని చక్కెరని లాగుతూనే ఉంటాయి. ఆ రాత్రి డోసు గురించి కూడా డాక్టర్ని ముందే అడిగి ఉంచుకోండి. పడుకునే ముందు షుగర్ చూసుకోండి. 100 కంటే తక్కువుంటే గ్లాసుడు పాలు, రెండు బిస్కెట్లు తీసుకుని పడుకోండి. తెల్లవారుజామున మూడింటికి ఒకసారి చూస్తే మరీ మంచిది.

మర్నాడు కాళ్లు పీకుతాయి. మందుల షాపులో ‘నొప్పుల బిళ్ల’ అని అడిగితే ఇచ్చేవి చాలామటుకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ రకాలే. అవి కిడ్నీలని దెబ్బతీస్తాయి. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం మనిషికి కిడ్నీల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. వాటిని ముట్టుకోవద్దు. పారాసెటమాల్ 500 ఒకటి వేసుకుని, వేడినీళ్ల కాపడం మాత్రం పాదాలకి పెట్టకుండా, ఆ పూట పడుకోండి.