రిలే బయటికి కనిపించడం లేదా? ముందు ప్యాకెట్ వస్తోందో లేదో చూడండి

ఇంట్లో టోర్ రిలే (వాడేవాళ్లెవరో దాచే టోర్ నెట్‌వర్క్‌లో ట్రాఫిక్‌ని ముందుకు పంపే కంప్యూటర్) పెట్టారు, రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి కనెక్షన్‌ని ఆ కంప్యూటర్‌కి పంపే రూల్) చేశారు, అయినా ఓఆర్‌పోర్ట్ (వేరే రిలేలు కనెక్ట్ అయ్యే పోర్ట్) బయటి నుంచి అందుతున్నట్టు నిర్ధారణ కాలేదని లాగ్‌లో పదే పదే వస్తోంది. టోర్‌ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే పోతుందా అని అడిగారు. పోదు. దయచేసి ఆ పని చేయకండి. ఈ తంటా టోర్‌లో దాదాపు ఎప్పుడూ ఉండదు.

నాకూ అచ్చం ఇదే వచ్చింది. టోర్ 9001 పోర్ట్ మీద వింటూనే ఉంది, కంప్యూటర్‌లో ఫైర్‌వాల్ తెరిచే ఉంది, రౌటర్‌లో రూల్ సరిగ్గానే ఉంది. వార్నింగ్ మాత్రం ఆగదు. ఇక సెట్టింగ్‌లు చూడటం మానేసి, మెషిన్‌కి వచ్చే పోయే ప్యాకెట్లను (నెట్‌లో వెళ్లే డేటా ముక్కలను) చూపించే టీసీపీడంప్ పెట్టాను, 9001కి వచ్చే ప్యాకెట్లు మాత్రమే చూపించమని. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో ఆ పోర్ట్‌కి కనెక్ట్ చేశాను. స్క్రీన్ మీద ఒక్క లైన్ కూడా రాలేదు. మళ్లీ చేశాను, అంతే. కనెక్షన్ అడిగే మొదటి ప్యాకెట్ వచ్చి జవాబు వెళ్లకపోతే తప్పు మన మెషిన్‌లో ఉన్నట్టు. ఆ ప్యాకెట్టే రాకపోతే దారిలోనే ఎక్కడో ఆగిపోయినట్టు. అక్కడితో సగం టెన్షన్ తీరింది.

వైఫై ఎందుకు ఆపమంటున్నానంటే, ఇంట్లోంచే మన పబ్లిక్ అడ్రస్‌కి కనెక్ట్ చేస్తే కొన్ని రౌటర్లు లోపల్లోపలే తిప్పి పంపేస్తాయి, కొన్ని అసలు పంపవు. ఆ టెస్ట్‌ని నమ్మి లాభం లేదు.

తర్వాత రౌటర్ పేజీలో వ్యాన్ అడ్రస్ (రౌటర్‌కి బయటి వైపు ఉన్న అడ్రస్) చూశాను. 100.71తో మొదలవుతోంది. బయటి వెబ్‌సైట్ చూపించే నా అడ్రస్ పూర్తిగా వేరు. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రస్‌లను 2012లో ఇంటర్నెట్ కంపెనీలు తమ నెట్‌వర్క్ లోపల వాడుకోవడానికే పక్కన పెట్టారు. ఈ పద్ధతినే సీజీనాట్ అంటారు: ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక చాలా ఇళ్లుంటాయి. మన ఇంటి తలుపు ఎంత బార్లా తీసినా వీధి గేటుకి ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు తాళం వేసుకున్నట్టే.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "ఇంటర్నెట్ వస్తోంది కదా సార్, మా వైపు ప్రాబ్లం లేదు" అన్నారు. బయటి నుంచి ఎవరూ నన్ను చేరలేని కనెక్షన్‌ని పూర్తి ఇంటర్నెట్ అని అమ్మడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. పట్టుబట్టి అడిగితే చివరికి పబ్లిక్ ఐపీ ఇచ్చారు. రౌటర్ రీస్టార్ట్ అయ్యీ కాగానే టీసీపీడంప్‌లో లైన్లు జలజలా రాలడం మొదలైంది. కాసేపటికి పోర్ట్ అందుతోందని, డిస్క్రిప్టర్ (రిలే తన వివరాలు చెప్పే పత్రం) పబ్లిష్ చేస్తున్నానని లాగ్‌లో వచ్చింది. ఆ మాటని నమ్మవచ్చు. టోర్ వేరే రిలేల మీదుగా చుట్టూ తిరిగి తన పోర్ట్‌కి తనే వచ్చి చూసుకుంటుంది.

మీకూ ఇది తీరుతుంది. కానీ తీరాక ట్రాఫిక్ రావడం లేదని మళ్లీ కంగారు పడి రీఇన్‌స్టాల్ చేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. డైరెక్టరీ అథారిటీలు (టోర్‌లో రిలేల లెక్క చూసే కొన్ని సర్వర్లు) గంటకోసారి ఓటేసి రిలేల జాబితా తయారుచేస్తాయి. మీ రిలే వేగాన్ని వేరుగా కొలుస్తారు. మొదటి 3 రోజులు దాదాపు ఖాళీగానే ఉంటుంది. గార్డ్ ఫ్లాగ్ (వాడేవాళ్లు టోర్‌లోకి మొదట కనెక్ట్ అయ్యే రిలే అనే గుర్తింపు) రావాలంటే కనీసం 8 రోజులు, ట్రాఫిక్ ఒక స్థాయికి కుదురుకోవాలంటే 68 రోజుల దాకా పడుతుందని టోర్ ప్రాజెక్ట్ వాళ్లు 2013లోనే వివరంగా రాశారు. మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కీస్ ఫోల్డర్ కూడా చెరిపేస్తే ఫింగర్‌ప్రింట్ (మీ రిలే గుర్తింపు) మారిపోయి, లెక్క మొదటికొస్తుంది. "ఫార్మాట్ కొట్టి చూడు" అని సలహా ఇచ్చేవాళ్లకి ఇది పట్టదు. ఈ రోజే ఆ ఫోల్డర్‌ని బ్యాకప్ తీసి పెట్టుకోండి.

పాత రౌటరైతే ఇంకో సంగతి. రిలే కనీసం 7000 కనెక్షన్లు ఒకేసారి మోయగలగాలని టోర్ వాళ్లే చెబుతారు. చిన్న రౌటర్లు అంత తట్టుకోలేక ఇంట్లో అందరి నెట్‌నీ ముంచేస్తాయి.

రిలేల అడ్రస్‌లు అందరికీ కనిపించే జాబితాలో ఉంటాయి. దాన్ని చూసి కొన్ని వెబ్‌సైట్లు మధ్య రిలేలను (వేరే రిలేలకే ట్రాఫిక్ అందించేవాటిని) కూడా బ్లాక్ చేస్తాయి. మధ్య రిలే నుంచి ఏ వెబ్‌సైట్‌కీ ట్రాఫిక్ వెళ్లదు, అయినా శిక్ష దానికే. ఇది అన్యాయం. కుదిరితే రిలేకి ఇంట్లో వాడేది కాక వేరే ఐపీ తీసుకోండి.

పబ్లిక్ ఐపీ ఎంతకీ ఇవ్వనంటే స్నోఫ్లేక్ ప్రాక్సీ (టోర్‌లోకి చేరడానికి మధ్యలో సాయపడే చిన్న ప్రోగ్రామ్) నడపండి. దానికి పోర్ట్ ఫార్వర్డింగ్ అక్కర్లేదు. టోర్‌ని నిషేధించిన చోట ఉన్నవాళ్లు లోపలికి రావడానికి అదీ ఒక దారి, కాబట్టి రిలే కంటే తక్కువ పని అనుకోకండి.

ముందు టీసీపీడంప్‌లో ఏమొచ్చిందో, వ్యాన్ అడ్రస్‌లో మొదటి రెండు సంఖ్యలేమిటో (నాది 100.71 అన్నట్టు) ఇక్కడ రాయండి. మిగతాది దాన్ని బట్టి చూద్దాం.