టెక్ సందేహాలు: ఏడు వంతెనల లెవెల్‌లో బగ్ ఎక్కడుంది?

ప్రశ్న: అన్నా, మేం నలుగురం తిరుపతిలో ఇంజినీరింగ్ చదువుతున్నాం, బైరాగిపట్టెడలో రూమ్. గ్రాఫ్ థియరీలో వచ్చే కోనిగ్స్‌బర్గ్ ఏడు వంతెనల పజిల్‌ని ఒక మొబైల్ గేమ్‌లో కస్టమ్ లెవెల్‌గా కట్టాం. ప్రతి వంతెననీ ఒక్కసారే దాటాలి, దాటగానే అది కూలిపోతుంది. ఆడినవాళ్లందరూ లెవెల్ పూర్తి కావడం లేదు, బగ్ ఉందంటున్నారు. దాటకముందే వంతెన కూలిపోతోందని ఇంకొందరి గొడవ. పైగా గేమ్‌లో మా లెవెల్ కలిపి ఏపీకేగా (ఆండ్రాయిడ్ ఫోన్లో నేరుగా ఇన్‌స్టాల్ చేసుకునే ఫైల్‌గా) ఇస్తే, ఇది హానికరమైన యాప్ అని ఫోన్ అడ్డుకుంటోంది. ఆ వార్నింగ్ రాకుండా చేసే దారి చెప్పన్నా.

జవాబు: లెవెల్ పూర్తి కాకపోవడం బగ్ కాదు. అది పూర్తి కాదని గణిత శాస్త్రవేత్త లియొనార్డ్ ఆయిలర్ 1735లోనే సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ ముందు నిరూపించాడు. ప్రెగెల్ నది ఆ ఊరిని రెండు గట్లు, రెండు దీవులుగా విడదీసింది. ఒక దీవికి ఐదు వంతెనలు, మిగిలిన మూడు చోట్లకూ మూడేసి. నడక మధ్యలో ఏ చోటికైనా ఒక వంతెన మీద వస్తాం, ఇంకో వంతెన మీద పోతాం. అంటే వంతెనలు జతలుగా ఖర్చవుతాయి. బేసి సంఖ్యలో వంతెనలున్న చోట నడక మొదలైనా కావాలి, ముగిసినా ముగియాలి. మొదలు ఒకటే, చివర ఒకటే, కాబట్టి అలాంటి చోట్లు రెండుకి మించకూడదు. మీ మ్యాప్‌లో నాలుగు చోట్లా బేసే.

ఇదంతా మీకు క్లాసులో చెప్పే ఉంటారు. తెలిసి కూడా చివర్లో గెలుపు గేటు పెట్టి, ఎన్నటికీ తెరుచుకోని ఆ గేటు కోసం జనాన్ని తిప్పుతున్నారు. అరగంట తిరిగినవాడికి కోపం రావడంలో తప్పేముంది? ఆడేవాడికి తెలుసుకునే అవకాశం ఇవ్వకుండా ఓడించడం పజిల్ కాదు. మూడు నాలుగు ప్రయత్నాల తర్వాత వాడి చేతికి ఎనిమిదో వంతెన ఇవ్వండి, ఎక్కడ కట్టుకుంటాడో వాడినే ఎంచుకోనివ్వండి. ఏ రెండు చోట్ల మధ్య కట్టినా ఆ రెండూ సరి అవుతాయి, బేసివి రెండే మిగులుతాయి, దారి దొరుకుతుంది. కానీ స్పాన్ పాయింట్, అంటే ఆటగాణ్ని మొదట నిలబెట్టే చోటు విషయంలో జాగ్రత్త. రెండు గట్లనీ కలుపుతూ వంతెన కట్టారనుకోండి, ఇప్పుడు బేసివి రెండు దీవులే. ఆట ఏదో ఒక దీవి మీద మొదలై రెండో దీవి మీద ముగియాలి. మీరు మాత్రం ఎప్పటిలా గట్టు మీదే నిలబెడితే ఎనిమిది వంతెనలున్నా వాడు మళ్లీ ఓడిపోతాడు, మళ్లీ బగ్ అనే అంటాడు.

రెండో లెవెల్ కూడా చరిత్రలోనే సిద్ధంగా ఉంది. ఆ ఊరు ఇప్పుడు రష్యాలోని కలినిన్‌గ్రాడ్. పాత ఏడు వంతెనల్లో రెండు రెండో ప్రపంచ యుద్ధపు బాంబు దాడుల్లో పోయాయి, మరికొన్ని తర్వాత మారిపోయాయి. ఇవాళ ఆ చోట్ల ఐదే ఉన్నాయి. గట్లకు రెండేసి, దీవులకు మూడేసి. ఒక దీవిలో బయల్దేరి రెండో దీవిలో ఆగితే ఐదూ ఒక్కోసారే దాటొచ్చు. మొదట ఇది ఆడించి, తర్వాత 1735 నాటి మ్యాప్ చూపిస్తే తేడా ఎక్కడుందో ఆడేవాడే పట్టుకుంటాడు.

దాటకముందే కూలడం మాత్రం నిజంగా మీ తప్పే. వంతెన మధ్యలో ఒకటే ట్రిగర్ (ఆటగాడు తాకగానే పనిచేసే గుర్తు) పెట్టి ఉంటారు. నడివంతెన దాకా వెళ్లి వెనక్కి తిరిగినా దాటినట్టే లెక్కవుతుంది. రెండు కొసల్లో రెండు ట్రిగర్లు పెట్టండి. ఎటు ఎక్కాడో గుర్తుపెట్టుకుని, అవతలి కొసలో దిగితేనే లెక్క వేయండి. నదిలోకి దూకి ఈదే వీలు కూడా తీసేయండి.

ఇక వార్నింగ్ సంగతి. దాన్ని ఆపేయడమెలా అని అడిగేవాళ్లు మీరొక్కరే కాదు, ఈ ప్రశ్న వస్తూనే ఉంది. ఆ దారి నేను చెప్పను. మీ ఉద్దేశం మంచిదే. కానీ మీ లెవెల్ కోసం, ఆ వార్నింగ్ ఇచ్చే ప్లే ప్రొటెక్ట్‌ని ఆఫ్ చేసినవాళ్లలో ఎంతమంది దాన్ని మళ్లీ ఆన్ చేస్తారు? రేపు వాళ్లకి ఇంకెవరో ఇంకేదో పంపుతారు. అసలు లెవెల్ అంటే డేటా. ఏ గోడ ఎక్కడుంది, ఏ వంతెన ఏ గట్టుని కలుపుతుంది, అంతే. మీరు పంచుతున్నది గేమ్‌నే విప్పి, మార్చి, మళ్లీ కట్టిన యాప్. దాని మీద అసలు తయారీదారు డిజిటల్ సంతకం పోయి మీది పడింది. ఫోన్ అనుమానించడం న్యాయమే. 2023 జూన్‌లో ఫ్రాక్చరైజర్ అనే మాల్‌వేర్ బయటపడింది. అది వచ్చింది ఎక్కడో మూల నుంచి కాదు, మైన్‌క్రాఫ్ట్ గేమ్ ఆడేవాళ్లు రోజూ మోడ్లు (ఆటని మార్చే చేర్పు ఫైళ్లు) దించుకునే పేరున్న సైట్ల నుంచే. అక్కడి కొందరు మోడ్ రచయితల అకౌంట్లు చేజిక్కించుకుని వాళ్ల పేరు మీదే ఎక్కించారు. బ్రౌజర్‌లో దాచిన లాగిన్‌లు దొంగిలించింది, కంప్యూటర్‌లో ఉన్న మిగతా మోడ్ ఫైళ్లకూ అంటుకుంది. కాబట్టి లెవెళ్లు కట్టుకోవడానికి గేమ్‌లోనే ఉండే ఎడిటర్ ఇచ్చే షేర్ కోడ్ గానీ, ఒట్టి లెవెల్ ఫైల్ గానీ ఇవ్వండి. ఏపీకే వెనక్కి తీసుకోండి, ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లకి కూడా తీసేయమని చెప్పండి.

ప్రశ్న: సార్, మాది చిత్తూరు పక్కన పల్లె. మా వాడు తొమ్మిదో తరగతి, నా ఫోన్లోనే ఆడుకుంటాడు. కొత్త లెవెళ్లు వస్తాయని టెలిగ్రామ్‌లో ఏదో దించుకుని, వీడియోలో చెప్పినట్టు యాక్సెసిబిలిటీ అంట, అది ఆన్ చేసినాడు. తోతాపురి కాయ అమ్మిన డబ్బులు పడేది ఈ ఫోన్‌కున్న బ్యాంకులోనే. భయంగా ఉంది.

జవాబు: అమ్మా, ఇది చదవగానే ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపండి. తర్వాత సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ఆ యాప్‌ని ఆఫ్ చేసి, అన్‌ఇన్‌స్టాల్ చేయండి. తీసేయనివ్వకపోతే డివైస్ అడ్మిన్ యాప్స్‌లో దాని పేరుందేమో చూసి, అక్కడ కూడా ఆపండి. అప్పటికీ పోకపోతే సేఫ్ మోడ్‌లో, అంటే దించుకున్న యాప్‌లు నడవకుండా ఫోన్ తెరిచి, ప్రయత్నించండి. ఈలోగా నమ్మకమైన వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి ఫోన్ చేసి సంగతి చెప్పండి, ఖాతాలో లావాదేవీలు ఆపమనండి. పాస్‌వర్డు, యూపీఐ పిన్ మార్చుకునేది ఫోన్ శుభ్రమయ్యాకే. రూపాయి పోయినట్టు కనిపించినా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టే అనుమతి ఈ యాక్సెసిబిలిటీయే. చూపు లేనివాళ్లకి తెర మీదున్నది చదివి వినిపించడానికి, చేతులు సహకరించనివాళ్ల తరఫున బటన్లు నొక్కడానికి పెట్టిన సౌకర్యం అది. అంటే దాన్ని పొందిన యాప్ మీ తెర చదవగలదు, మీ బదులు నొక్కగలదు. ఓటీపీ వచ్చినా అదే చూస్తుంది. ఆట లెవెల్‌కి దీంతో ఏం పని? ఆండ్రాయిడ్ 13 నుంచి, బయట దించుకున్న యాప్‌లకి ఈ అనుమతిని నేరుగా ఇవ్వనివ్వరు. కానీ యాప్ ఇన్ఫోలో పైనున్న మూడు చుక్కలు నొక్కితే, రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్‌ని అనుమతించే దారి అక్కడే ఉంటుంది. మోసగాళ్లు పెట్టే వీడియోలు నేర్పేది సరిగ్గా ఆ మూడు చుక్కలే. తలుపుకి తాళం వేసి, తాళంచెవి అదే తలుపుకి తగిలించినట్టుంది ఈ ఏర్పాటు.

పిల్లవాణ్ని కొట్టకండి, తిట్టకండి. తిడితే ఈసారి ఇలాంటిది జరిగినప్పుడు మీకు చెప్పడు. వాడు టెలిగ్రామ్‌కి ఎందుకు పోయాడన్నది కూడా చూడాలి. కొన్ని మొబైల్ గేమ్‌లలో లెవెల్ ఎడిటర్‌కి నెలనెలా డబ్బు కట్టాలి. కట్టినా, పిల్లలు చేసిన లెవెళ్లు కంపెనీ సర్వర్లోనే ఉంటాయి. ఒక అప్‌డేట్‌తో ఫార్మాట్ మారితే పాతవి తెరుచుకోవు, సర్వర్ మూసేస్తే మొత్తానికే పోతాయి. సెలవులన్నీ కూర్చుని కట్టినది ఒక్క నోటీసుతో మాయమైందని ఏడ్చిన పిల్లల గురించి తల్లిదండ్రులు నాకు రాశారు. ఎక్స్‌పోర్ట్ బటన్ లేని ఎడిటర్‌కి పిల్లల చేత డబ్బు కట్టించడం అన్యాయం. అలాంటి గేమ్ కొనకండి.

ప్రశ్న: హనోయి టవర్ లెవెల్ కడుతున్నా. చిన్న చక్రం మీద పెద్దది పెట్టకుండా, ఒక్కొక్కటిగా చక్రాలన్నీ ఒక కర్ర నుంచి ఇంకో కర్రకి మార్చే పజిల్ అది. ఆ పజిల్‌తో పాటు చెప్పే కథలో ఉన్నట్టు 64 చక్రాలే పెట్టొచ్చా?

జవాబు: వద్దు. 1883లో ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త ఎడువార్ లూకా ఆ పజిల్‌ని అమ్మింది ఎనిమిది చక్రాలతోనే. చక్రం ఒకటి పెరిగినప్పుడల్లా ఎత్తులు (చక్రాన్ని కదిపే సార్లు) రెట్టింపై, ఇంకొకటి కలుస్తాయి. ఎనిమిదికి 255. సెకనుకో ఎత్తు వేసినా 64 చక్రాలకి 58 వేల కోట్ల ఏళ్లు దాటుతుంది. అయిదుతో మొదలుపెట్టి ఎనిమిదితో ఆపండి, మధ్యలో సేవ్ పెట్టండి.