అక్షరాలన్నీ అప్పజెబుతుంది కానీ ‘తల’ చదవలేకపోతోంది, ఏం చేయాలి?

మీ పాప యూకేజీ అనీ, అ నుంచి ఱ వరకు గడగడా అప్పజెబుతుందనీ, కానీ ‘తల’ అని రాసి చదవమంటే దిక్కులు చూస్తుందనీ, రాయమంటే ఏడుపనీ రాశారు. పన్నెండేళ్లుగా ఈ క్లాసులకే చెబుతున్నాను, ఏటా ఇలాంటి పిల్లలు చాలామందే వస్తారు, టెన్షన్ పడకండి. అప్పజెప్పడం పాట పాడటం లాంటిది, చదవడం వేరే పని.

ఒకసారి ఒక బాబుకి పలక మీద ‘వల’ అని రాసి చూపించాను. కాసేపు చూసి ధీమాగా ‘వంకాయ లడ్డు’ అన్నాడు! తప్పు వాడిది కాదు, చార్టులో వ పక్కన వంకాయ, ల పక్కన లడ్డు రోజూ చూపించింది మేమే కదా. మర్నాటి నుంచి బొమ్మలు తీసేశాను.

మీరూ 56 అక్షరాల వెంట పడకండి. త, ల, వ, క, డ, ప, ఓ రెండు మూడు వారాలకి ఇవి చాలు (ప, వ మాత్రం ఒకే రోజు వద్దు, తికమకపడుతుంది). అట్టముక్కల మీద ఒక్కోటి పెద్దగా రాసి, పక్కపక్కన పెట్టి పలికించండి: తల, వల, కల, వడ, అవి కుదిరాక పలక, పడవ. తెలుగులో ఉన్న సుఖమేంటంటే, ఇంగ్లీషులోలా సీ ఏ టీ అని చెప్పి క్యాట్ అని తేల్చే బాధ లేదు, త అని ల అంటే తల వచ్చేసినట్టే. గుణింతాలు తర్వాత, ఒత్తుల ఊసే ఇప్పుడొద్దు.

ఇక రాత. వేళ్లలో పట్టు రాకుండా పేజీ నిండా రాయిస్తే ఏడవక ఏం చేస్తుంది? నేనూ మొదట్లో అలాగే రాయించాను, నోట్సు ఖాళీగా ఉంటే పేరెంట్స్ ఊరుకోరని. ఇప్పుడు నేల మీద సుద్దతో పెద్ద ‘ల’ గీసి, దాని వెంట చింతపిక్కలు పేర్పిస్తాను. చపాతీ పిండి ముద్ద ఇచ్చినా మంచిదే. తర్వాత పలక, అది కూడా అరిగిపోయిన బలపం ముక్కతో, ఎందుకంటే చిన్న ముక్కని పిడికిట్లో పట్టుకోవడం కుదరదు, మూడు వేళ్లూ వాటంతటవే సర్దుకుంటాయి. రోజుకి ఐదు నిమిషాలు, అంతే. అక్షరం తిరగేసి రాసినా ఈ వయసులో మామూలే, చెరిపించి మళ్లీ మళ్లీ రాయించకండి.

స్కూల్లో హోంవర్క్ ఎక్కువిస్తుంటే టీచర్‌తో ఓసారి మాట్లాడండి, చాలామంది వింటారు.